మెటియాబ్రుజ్: గీత గీయకముందే చీలిన బస్తీ

భారతదేశ విభజన అనగానే తెలుగు పాఠకుల మనసులో మెదిలేది చాలావరకు పంజాబు కథే. శవాలతో స్టేషను చేరిన రైళ్లు, తగలబడిన అమృత్‌సర్, లాహోర్ వీధులు, ఢిల్లీ పురానా ఖిలాలో తలదాచుకున్న శరణార్థులు మన కథల్లోనూ సినిమాల్లోనూ కనిపించినంతగా బెంగాలు కనిపించలేదు. అయినా విభజన తప్పదన్న నిర్ణయానికి దేశ నాయకత్వాన్ని నెట్టిన మారణకాండ 1946 ఆగస్టులో, అంటే స్వాతంత్ర్యానికి ఏడాది ముందు, కలకత్తాలో జరిగింది. ఆ నాలుగైదు రోజుల్లో నగరంలో అతి ఘోరంగా దెబ్బతిన్న చోట్లలో ఒకటి హుగ్లీ ఒడ్డున ఉన్న మెటియాబ్రుజ్. అక్కడ లిచూబాగాన్ అనే కూలీల బస్తీలో చనిపోయినవారిలో అత్యధికులు బెంగాలీలు కూడా కారు. పొట్టకూటి కోసం ఒడిశా పల్లెల నుంచి వచ్చి నూలు మిల్లులో చేరిన కార్మికులు. బెంగాలు ఎవరికి చెందాలన్న వివాదంతో ఏ సంబంధమూ లేని మనుషులు ఆ వివాదానికి బలైన తీరును అర్థం చేసుకుంటే తప్ప, మతం పేరిట ఒక వలసదేశాన్ని చీల్చడమంటే ఏమిటో పూర్తిగా అర్థం కాదు.

కలకత్తాకు నైరుతి దిక్కున, శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌కు ఎదురుగా, హుగ్లీ నది తూర్పు గట్టున ఉన్న ఈ ప్రాంతానికి పేరు తెచ్చినవాడు అవధ్ చివరి నవాబు వాజిద్ అలీ షా. 1856 ఫిబ్రవరిలో ఈస్టిండియా కంపెనీ ఆయన రాజ్యాన్ని లాక్కున్న తరువాత, లండన్ వెళ్లి రాణికి మొరపెట్టుకోవాలన్న తలంపుతో ఆయన ఆ మే నెలలో కలకత్తా చేరాడు. 1857 తిరుగుబాటు కాలమంతా ఫోర్ట్ విలియంలో బందీగా గడిపి, విడుదలయ్యాక ఏడాదికి 12 లక్షల రూపాయల భరణంతో మెటియాబ్రుజ్‌లోనే స్థిరపడి, పోగొట్టుకున్న లక్నోను ఆ నదీతీరాన మళ్లీ కట్టుకునే ప్రయత్నం చేశాడు. ఇమాంబారాలు (మొహర్రం సంతాప సభలు జరిగే భవనాలు), జంతుశాల, కథక్ నర్తకులు, ఠుమ్రీ గాయకులు, గాలిపటాల పందేలు, బంగాళాదుంప ముక్క వేసిన బిరియానీ అన్నీ ఆయన పరివారంతోపాటు కలకత్తాలో స్థిరపడ్డాయి. లక్నోలో ఉండగానే రాధాకృష్ణుల కథను నాటకంగా రాసిన ఈ షియా నవాబు, ‘రహస్’ అనే పేరుతో కృష్ణలీలల నృత్యరూపకాలను మెటియాబ్రుజ్‌లో కూడా ఆడించాడు. ఒక ముస్లిం ప్రభువు ఇంట కృష్ణలీల ఆడిన ఊరు అరవై ఏళ్లలోపే మతహింసకు గుర్తుగా మారిందంటే, హిందూ ముస్లిం వైరం అనాదిగా ఉన్నదేనని చెప్పేవారి వాదన ఇక్కడ నిలవదు. మధ్యలో ఏం జరిగిందో చూడాలి.

మధ్యలో జరిగింది మిల్లు. 1887 సెప్టెంబరులో నవాబు మరణించగానే ప్రభుత్వం ఎస్టేటును వేలం వేయించింది. ఆయన పరివారంలో చాలామంది చెదిరిపోయారు. 1892లో పక్కనే ఖిదిర్‌పూర్ రేవు, 1929లో గార్డెన్ రీచ్‌లో కింగ్ జార్జ్ డాక్ వచ్చాయి. ఓడల మరమ్మతు కార్ఖానాలు, నూలు మిల్లులు, వాటి చుట్టూ బస్తీలు లేచాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే, అంటే మన పెద్దవాళ్లు బి.ఎన్.ఆర్. అని పిలిచిన సంస్థ, ప్రధాన కార్యాలయాన్ని గార్డెన్ రీచ్‌లోనే పెట్టుకుంది. వాల్తేరు డివిజన్ రైల్వే ఉద్యోగుల ఇళ్లలో ‘గార్డెన్ రీచ్’ అనే మాట తరతరాలుగా వినబడడానికి కారణం అదే. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేదాకా ఆ డివిజన్‌కు ఉత్తర్వులు వచ్చింది మెటియాబ్రుజ్‌ను ఆనుకుని ఉన్న ఆ కార్యాలయం నుంచే. ఆ రైలుమార్గం మీదుగానే గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వేలాది తెలుగు కూలీలు హుగ్లీ తీరపు జనపనార మిల్లులకు తరలివెళ్లారు. లిచూబాగాన్‌కు చేరిన ఒడియా కార్మికులదీ అదే దారి, అదే కరువు, అదే ఆశ.

ఈ మిల్లుల్లో మనుషులను పనిలో పెట్టుకునే పద్ధతిని కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే తరువాత జరిగిన దానికి పునాది అక్కడే పడింది. యజమానులు కార్మికులను నేరుగా ఎంచుకునేవారు కారు. ‘సర్దార్’ అనే మధ్యవర్తి, మన మేస్త్రీ వంటివాడు, తన ఊరి నుంచో తన కులం నుంచో తన మతం నుంచో మనుషులను తెచ్చి పనిలో పెట్టి, వారి దగ్గర మామూలు పుచ్చుకుని, అప్పులిచ్చి, తరచు వారికి గుడిసె కూడా తానే అద్దెకిచ్చేవాడు. మిల్లులో ఉద్యోగం ఉండాలంటే సర్దార్ దయ కావాలి, సర్దార్ దయ కావాలంటే అతని బస్తీలో ఉండాలి. ఈ పద్ధతి వల్ల యంత్రం దగ్గర పక్కపక్కనే నిలబడిన మనుషులు, పని దిగాక ఒడియాలు ఒక బస్తీకి, బిహారీ ముస్లింలు మరో బస్తీకి, తెలుగువారు ఇంకొక బస్తీకి విడిపోయేవారు. కలకత్తా జనపనార కార్మికుల చరిత్ర రాసిన దీపేశ్ చక్రవర్తి వంటి చరిత్రకారులు గట్టిగా చెప్పిన మాట ఒకటుంది: సమ్మె రోజున వర్గంగా నిలబడిన ఈ కార్మికులే మరునాడు మతంగానో ప్రాంతంగానో విడిపోగలిగేవారు, రెండూ అబద్ధం కావు. ఎవరు ఏ బస్తీలో ఉంటారో అందరికీ తెలిసిన నగరంలో గుంపుకు జాబితాలు వెతుక్కోవలసిన పని ఉండదు.

రాజకీయరంగంలోనూ ఇటువంటి విభజనే సాగింది. 1905లో వైస్రాయి కర్జన్ బెంగాలును ముస్లింలు అధికంగా ఉన్న తూర్పు, హిందువులు అధికంగా ఉన్న పడమర భాగాలుగా చీల్చగా, వందేమాతరం ఉద్యమం దాన్ని 1911లో రద్దు చేయించింది. అయితే ఈలోగా 1909 సంస్కరణలు ‘ప్రత్యేక నియోజకవర్గాలు’ తెచ్చాయి. ముస్లిం అభ్యర్థికి ముస్లింలు మాత్రమే ఓటు వేసే ఆ ఏర్పాటులో, పక్కింటి హిందువును మెప్పించవలసిన అవసరం ముస్లిం నాయకుడికి గానీ, ముస్లింను మెప్పించవలసిన అవసరం హిందూ నాయకుడికి గానీ లేకుండా పోయింది. 1943 నాటికి దీనికి ఆకలి తోడైంది. ఆ ఏడాది బెంగాల్ కరువులో దాదాపు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. కలకత్తా కాలిబాటల మీద మనుషులు పడి చనిపోతుంటే చూస్తూ దాటిపోవడం నగరానికి అలవాటైందనీ, మూడేళ్ల తరువాతి హింసకు ఆ అలవాటు దారి తీసిందనీ ‘హంగ్రీ బెంగాల్’ రాసిన జనం ముఖర్జీ వాదించాడు. ఆ వాదనలో బలం ఉంది. ధాన్యం ఎవరికి అందుతుంది, ఉద్యోగం ఎవరికి దక్కుతుంది అన్న భయం కరువుతో పోలేదు.

అయినా 1946లో ఆ నగరం ముందు మరో దారి కూడా ఉండింది. ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారి అబ్దుల్ రషీద్‌కు విధించిన శిక్షను నిరసిస్తూ ఫిబ్రవరిలో కలకత్తాలో హిందువులు, ముస్లింలు కాంగ్రెసు, ముస్లిం లీగు, కమ్యూనిస్టు జెండాలను కలిపి పట్టుకుని పోలీసు కాల్పులకు ఎదురు నడిచారు. జూలై 29న తపాలా ఉద్యోగుల సమ్మెకు మద్దతుగా జరిగిన సార్వత్రిక సమ్మెలో నగరమంతా మతభేదం లేకుండా స్తంభించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, బొంబాయిలో సమావేశమైన ముస్లిం లీగు కౌన్సిల్, దేశాన్ని ఒకటిగా ఉంచుతూ రాష్ట్రాలను మూడు సముదాయాలుగా కూర్చాలని సూచించిన క్యాబినెట్ మిషన్ పథకానికి ఇచ్చిన ఆమోదాన్ని వెనక్కి తీసుకుని, పాకిస్తాన్ సాధనకు ఆగస్టు 16ను ‘ప్రత్యక్ష చర్య దినం’గా ప్రకటించింది. రాజ్యాంగ సభలోకి వెళ్లాక తమ చేతులు కట్టేసి ఉండవని జూలై 10న నెహ్రూ చేసిన ప్రకటన జిన్నాకు ఆ అవకాశాన్ని అందించింది. జనం వీధిలో కలిసి నిలబడిన ఆ సమ్మె రోజుకూ, చర్చల గదిలో విడిపోయిన నాయకత్వం ఎంచుకున్న ఆ దినానికీ మధ్య ఉన్న వ్యవధి పద్దెనిమిది రోజులు మాత్రమే.

బెంగాలులో ఆనాడు ప్రభుత్వం నడుపుతున్నది ముస్లిం లీగే, ప్రధానమంత్రి హుసేన్ షహీద్ సుహ్రావర్ది (ఆ కాలంలో రాష్ట్ర ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు). ఆయన ఆగస్టు 16ను సెలవుదినంగా ప్రకటించాడు. కాంగ్రెసు ఆ సెలవును వ్యతిరేకించింది. సమ్మె చేయడానికి ఇష్టపడని దుకాణదారులకూ, మూయించడానికి వచ్చినవారికీ మధ్య ఆ శుక్రవారం ఉదయం నుంచే రాళ్లు లేచాయి. మధ్యాహ్నం మైదానంలో ఆక్టర్లోనీ స్తంభం దగ్గర జరిగిన లీగు సభ ముగిసేసరికి నగరం తగలబడుతున్నది. రెండు మతాల వారూ ముందే కర్రలు, బరిసెలు కూడగట్టుకున్నారనడానికి ఆధారాలున్నాయి. మొదట హిందువుల దుకాణాలు, ఇళ్లు దోపిడీకి గురయ్యాయి; రెండో రోజు నుంచి హిందూ, సిక్కు ముఠాలు ముస్లిం బస్తీల మీద అంతే క్రూరంగా విరుచుకుపడ్డాయి. ఎక్కువగా చనిపోయింది రిక్షా లాగేవారు, పాలవాళ్లు, మూటలు మోసే కూలీలు, రేవు కార్మికులు, దారిన పోయే పేదలు. సుహ్రావర్ది లాల్‌బజార్ పోలీసు కంట్రోల్ రూములో కూర్చుని అధికారుల పనిలో జోక్యం చేసుకున్నాడని ఆనాటి అధికారులే ఆరోపించారు. శాంతిభద్రతలు అంతిమంగా తన బాధ్యతే అయిన గవర్నరు ఫ్రెడరిక్ బరోస్ సైన్యాన్ని దించడంలో ఆలస్యం చేశాడు. బ్రిటిష్ వారి మీదికి తిరగబడిన ఫిబ్రవరి గుంపును వెంటనే కాల్చిన ప్రభుత్వం, ఒకరినొకరు చంపుకుంటున్న ఆగస్టు గుంపును చూస్తూ ఉండిపోయిందన్న నింద ఇప్పటికీ చెరగలేదు.

లిచూబాగాన్ మీద దాడి ఆగస్టు 17న జరిగింది. బిర్లా కుటుంబానికి చెందిన కేశోరాం కాటన్ మిల్లు ఆ ప్రాంతంలో పెద్ద యజమాని. దాని ఒడియా కార్మికులు మిల్లును ఆనుకుని ఉన్న వాడలో నివసించేవారు. చుట్టుపక్కల జనాభాలో ముస్లింలు అధికం, నగరంలోని హిందూ ప్రాంతాలు దూరం, పారిపోదామంటే వెనుక నది అడ్డం. ఆయుధాలతో వచ్చిన పెద్ద గుంపు ఆ వాడలోకి చొరబడి, దొరికినవారిని దొరికినట్టు నరికింది. తప్పించుకున్న నలుగురు ఆగస్టు 25న మెటియాబ్రుజ్ పోలీసు ఠాణాలో ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదులో నిందితుడిగా పేర్కొన్నది బయటి రౌడీ ఎవరినో కాదు. గార్డెన్ రీచ్ టెక్స్‌టైల్ వర్కర్స్ యూనియన్ అధ్యక్షుడు సయ్యద్ అబ్దుల్లా ఫారూఖీని. ఒడిశా ప్రభుత్వం తరఫున విశ్వనాథ దాస్ స్వయంగా లిచూబాగాన్ వెళ్లి విచారించాడు. ఆనాటి ఫిర్యాదులోని ఆ ఒక్క వివరం చరిత్రకారులందరినీ ఆపి ఆలోచింపజేయాలి: ఆ మిల్లు కార్మికులందరికీ ప్రతినిధిగా ఉండవలసిన సంఘం నాయకుడి పేరే హంతకుల గుంపుకు ముందు నడిచినవాడిగా నమోదైంది.

మతం పేరిట చీలిన ఇతర వలసదేశాల చరిత్రను దీని పక్కన పెట్టి చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. ఐర్లండు విభజన 1921 మేలో అమలులోకి వచ్చింది. దానికి తొమ్మిది నెలలకు పైగా ముందే, 1920 జూలై 21న, బెల్‌ఫాస్ట్ ఓడల కార్ఖానాల నుంచి ప్రొటెస్టెంటు కార్మికులు వేలాది కాథలిక్కు కార్మికులను తరిమికొట్టారు. కాథలిక్కుల పక్షాన మాట్లాడతారనుకున్న సోషలిస్టు ప్రొటెస్టెంట్లకూ అదే గతి పట్టింది. పాలస్తీనాను విభజించాలని ఐక్యరాజ్యసమితి 1947 నవంబరు 29న తీర్మానించిన నెల రోజులకు, డిసెంబరు 30న, హైఫా చమురు శుద్ధి కర్మాగారం గేటు ముందు పని కోసం నిలుచున్న అరబ్బు కూలీల మీద ఇర్గున్ అనే యూదు సాయుధ ముఠా బాంబులు విసిరి ఆరుగురిని చంపింది. ఆ వెంటనే లోపల అరబ్బు కార్మికులు తమతో కలిసి పనిచేసే 39 మంది యూదులను చంపారు. బెల్‌ఫాస్ట్, మెటియాబ్రుజ్, హైఫా మూడూ రేవు పట్టణాల పారిశ్రామిక వాడలే. మూడు చోట్లా సామ్రాజ్యం అధికార బదిలీకి సిద్ధపడుతున్నది. మూడు చోట్లా రేపటి ప్రభుత్వం ఎవరిదైతే ఉద్యోగం వారిదే అన్న భయం పనిస్థలం చుట్టూ అలుముకుంది. భక్తి ఎక్కువై జరిగిన హత్యలుగా వీటిని చూడడం కష్టం. ‘కమ్యూనల్ రయట్స్ ఇన్ బెంగాల్’ రాసిన సురంజన్ దాస్ చూపినట్టు, బెంగాలులో తొలినాటి ఘర్షణలు జమీందారు మీద రైతు, వడ్డీవ్యాపారి మీద అప్పులపాలైనవాడు తిరగబడినప్పుడు మతరంగు పులుముకున్నవి కాగా, 1946 నాటికి అవి పార్టీలు, సంఘాలు నిర్మాణబద్ధంగా నడిపే దాడులుగా మారిపోయాయి.

నిర్మాణం ఉన్నచోటే నిరోధమూ సాధ్యమని అదే నగరం నిరూపించింది. కలకత్తా ట్రాము కార్మికుల సంఘంలో హిందువులు, ముస్లింలు ఇద్దరూ ఉన్నారు. ఆ సంఘం ఆ రోజుల్లో చీలలేదు, సభ్యులు ఒకరినొకరు కాపాడుకున్నారు. ట్రాము కార్మికులు నూలు కార్మికులకన్నా మంచివారు కావడం దీనికి కారణం కాదు. వారి సంఘం ఏళ్ల తరబడి మతాలకు అతీతంగా పనిచేసింది, వారి ఉద్యోగం సర్దార్ దయ మీద అంతగా ఆధారపడలేదు. నదికి ఇవతలా అవతలా ఎందరో వ్యక్తులు పొరుగువారిని దాచి కాపాడారు; అటువంటి కథలు ప్రతి విభజనలోనూ ఉంటాయి, వాటికి విలువ ఉంది. కానీ ఒక మనిషి మంచితనం ఒక ఇంటిని కాపాడుతుంది, బస్తీని కాపాడేది సంస్థ.

నగరం మొత్తం మీద నాలుగు వేల మంది చనిపోయారన్నది తరచు వినిపించే అంచనా, పదివేలన్నవారూ ఉన్నారు. లక్షమందికి నిలువనీడ లేకుండా పోయింది. హౌరా స్టేషను నుంచి ఒడియా, బిహారీ, తెలుగు కూలీలు గుంపులు గుంపులుగా స్వగ్రామాల దారి పట్టారు. లిచూబాగాన్ మృతుల సంఖ్యను మాత్రం కొందరు వందల్లో చెబితే, మరికొందరు ఏడు వేలు, పదివేలని చెబుతారు. నగరం మొత్తానికి వేసిన అంచనాలతో పోల్చితే ఆ పెద్ద అంకెలు పొసగవు. అయినా అవి ప్రతి ఆగస్టులోనూ తిరిగి ప్రచారంలోకి వస్తూనే ఉంటాయి, ఎందుకంటే ఇంతకాలమూ ఆ శవాలను లెక్కపెట్టాలని గట్టిగా ప్రయత్నించినవారు లేరు, వాడుకోవాలని చూసినవారు మాత్రం చాలామంది ఉన్నారు. ఫెడరల్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ పాట్రిక్ స్పెన్స్ అధ్యక్షతన వేసిన విచారణ సంఘం సంపుటాల కొద్దీ సాక్ష్యాలు నమోదు చేసింది గానీ, తుది నివేదిక ఇవ్వకుండానే అధికార మార్పిడిలో మూతపడింది. దోషులెవరో చెప్పవలసిన ప్రభుత్వమే వెళ్లిపోవడంతో, ఆ ప్రశ్న కోర్టు గుమ్మం దిగి ఎన్నికల వేదిక ఎక్కింది.

కలకత్తా మంట అక్కడితో ఆరలేదు. అక్టోబరులో తూర్పు బెంగాలులోని నొవాఖాలీలో హిందువుల మీద, దానికి ప్రతీకారమంటూ బిహారులో ముస్లింల మీద దాడులు జరిగాయి. 1947 వసంతానికల్లా, 1905లో విభజనకు వ్యతిరేకంగా రాఖీలు కట్టుకున్న బెంగాలీ హిందూ విద్యావంత వర్గమే విభజన కావాలని ఉద్యమించింది. జోయా ఛటర్జీ ‘బెంగాల్ డివైడెడ్’ ఈ మలుపునే వివరిస్తుంది. శరత్ చంద్ర బోస్, అబుల్ హాషిం, సుహ్రావర్ది కలిసి ప్రతిపాదించిన స్వతంత్ర సమైక్య బెంగాలును కాంగ్రెసు అధిష్ఠానం తోసిపుచ్చింది; ఆగస్టు హత్యల తరువాత సుహ్రావర్ది నోట ఐక్యత మాటను నమ్మే హిందువులు ఎక్కువమంది మిగలలేదు కూడా. జూన్ 20న శాసనసభలో పశ్చిమ జిల్లాల సభ్యులు 58-21 ఓట్లతో విభజనను కోరగా, తూర్పు జిల్లాల సభ్యులు 106-35తో దాన్ని వ్యతిరేకించారు. ఒక్క పక్షం కోరినా చీల్చాలన్నదే మౌంట్‌బాటెన్ పథకం నియమం కనుక బెంగాలు చీలిపోయింది. భారతదేశానికి అంతకుముందెన్నడూ రాని న్యాయవాది సిరిల్ రాడ్‌క్లిఫ్ గీసిన సరిహద్దు 1947 ఆగస్టు 17న, లిచూబాగాన్ హత్యలకు సరిగ్గా ఏడాదికి, ప్రజలకు వెల్లడైంది. అప్పటికి నాలుగు రోజుల ముందే గాంధీజీ బెలియాఘాటాలోని ఒక ముస్లిం ఇంట సుహ్రావర్దితో కలిసి బస చేసి, సెప్టెంబరు మొదటి వారంలో నిరాహారదీక్షతో నగరాన్ని శాంతింపజేశాడు. 1946లో ఆ పని చేయగల అధికారం ఎవరి చేతిలో ఉండిందో వారు చేయలేదు.

రాడ్‌క్లిఫ్ గీత మెటియాబ్రుజ్‌కు పదుల కిలోమీటర్ల దూరంలో ఉంది. అయినా విభజన ఆ ఊరి లోపలికి వచ్చి కూర్చుంది. తూర్పు బెంగాలు నుంచి హిందూ శరణార్థులు వచ్చి కలకత్తాలోని ముస్లిం పేటల్లో ఖాళీ అయిన ఇళ్లను ఆక్రమించుకుంటుంటే, ముస్లింలు కొందరు సరిహద్దు దాటి వెళ్లిపోగా మిగిలినవారు తమవారు ఎక్కువగా ఉన్న కొద్ది ప్రాంతాలకు సర్దుకున్నారు. 1941లో నగర జనాభాలో దాదాపు నాలుగోవంతు ఉన్న ముస్లింలు 1951 జనగణన నాటికి సుమారు 12 శాతానికి తగ్గిపోయారు. 1950లో, మళ్లీ 1964లో అల్లర్లు జరిగినప్పుడల్లా ఈ ముడుచుకుపోవడం పెరిగింది. నవాబు కాలంలో అన్ని మతాల కళాకారులు వచ్చిపోయిన మెటియాబ్రుజ్ ఈ విధంగా, ముస్లింలు భద్రత కోసం చేరి, వెలుపల ఇల్లు దొరకక ఉండిపోయే పేటల్లో ఒకటైంది. 1946లో అక్కడ చనిపోయినవారు హిందువులు. ఆ తరువాత దశాబ్దాల పాటు దాని మూల్యం చెల్లించినవారు, ఆ హత్యలతో ఏ సంబంధమూ లేని ముస్లిం పేదలు. ఈ రెండు మాటల్లో ఒకటి చెప్పి రెండోది మింగేవారు చరిత్ర చెప్పడం లేదు.

ఈనాటి మెటియాబ్రుజ్ దర్జీల ఊరు. నవాబు దర్బారు దుస్తుల నుంచి వచ్చిన కుట్టుపని నేడు ఇంటింటి పరిశ్రమ. ‘ఓస్తాగర్’ అని పిలిచే పెద్ద దర్జీ బట్ట తానులు కొని, కత్తిరించి, చుట్టుపక్కల ఇళ్లకూ గదులకూ పంచి కుట్టిస్తాడు. పిల్లల గౌన్లు, చొక్కాలు మూటలు కట్టి వారాంతపు హాట్‌కు, అంటే టోకు సంతకు, చేరితే బిహారు, అస్సాం, ఒడిశా వ్యాపారులు వచ్చి కొనుక్కుపోతారు. ఇరుకు గదిలో ఆరేడు మిషన్లు, పక్కనే మడతపెట్టిన పడకలు, పైకప్పు నుంచి వేలాడే బల్బులు: పని, నిద్ర, భోజనం ఒకే చోట. వెలుపల ఇల్లు దొరకని జనాభా పెరిగేకొద్దీ సందుల్లో అంతస్తుల మీద అంతస్తులు లేస్తున్నాయి. 2024 మార్చిలో గార్డెన్ రీచ్‌లో అక్రమంగా కడుతున్న ఐదంతస్తుల భవనం పక్క గుడిసెల మీద కూలి పదిమందికి పైగా చనిపోయారు. దాన్ని బిల్డరు నేరమనీ మునిసిపాలిటీ నిర్లక్ష్యమనీ అనడం న్యాయమే. అంతమంది ఆ కొద్ది జాగాలోనే ఎందుకు బతుకుతున్నారన్న ప్రశ్నకు జవాబు మాత్రం 1946 దాకా వెళ్తుంది.

తెలుగు నేలకు ఇదంతా దూరపు కథ అనిపించవచ్చు. కానీ తూర్పు బెంగాలు నుంచి తరిమివేతకు గురైన కుటుంబాలు కొన్ని ప్రభుత్వ పునరావాసంలో భాగంగా కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కాగజ్‌నగర్ పరిసరాలకు వచ్చి స్థిరపడ్డాయి. ఈజ్‌గాం చుట్టుపక్కల వారి మూడో తరం నేటికీ ఇంట్లో బెంగాలీ, వీధిలో తెలుగు మాట్లాడుతుంది, ఒక ఊరికి కవి నజ్రుల్ పేరు పెట్టుకుంది. ఇటు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తాతలు హుగ్లీ మిల్లుల్లో పనిచేసిన కుటుంబాలకు లెక్కలేదు. 1946 ఆగస్టులో ప్రాణాలు అరచేత పెట్టుకుని హౌరాలో రైలెక్కిన తెలుగు కూలీలు ఏం చూశారో, ఎవరు వారిని దాచారో, ఎవరు తిరిగి రాలేదో ఆ ఇళ్లలోని వృద్ధులకు కొంతైనా తెలిసి ఉంటుంది. చూసినవారు దాదాపు అందరూ పోయారు. వారి నోట విన్నవారు ఇంకా ఉన్నారు. స్పెన్స్ సంఘం సాక్ష్యాలు, మెటియాబ్రుజ్ ఠాణా ఫిర్యాదులు, మిల్లు హాజరు పట్టీలు, ఒడిశా పల్లెల్లో తిరిగిరాని కొడుకుల పేర్లు ఒకచోట చేర్చి లిచూబాగాన్ మృతుల జాబితా తయారుచేయడం చరిత్ర శాఖలున్న విశ్వవిద్యాలయాలకు అసాధ్యమైన పని కాదు. ఒడియా, బెంగాలీ, తెలుగు పరిశోధకులు కలిసి చేయవలసిన పని. ఆ జాబితాలో కలకత్తా ముస్లిం మృతులకూ చోటుండాలి. ఇంట్లో హుగ్లీ మిల్లుల జ్ఞాపకం మిగిలి ఉన్న పాఠకులు ఆ పెద్దలను ఈ సంవత్సరమే కూర్చోబెట్టి అడిగి, వారి మాటల్లోనే రాసి భద్రపరచాలి.